ధనుష్కోటి స్టేషను: ఆ ఒక్క రాత్రి కాదు, అంతకు ముందు యాభై ఏళ్ల సంగతి కావాలి

మీటరుగేజి
తమిళనాడులో రామేశ్వరం దీవి కొసన ఉన్న ధనుష్కోటి రైల్వే స్టేషను గురించి తెలుగులో ఎక్కడ వెతికినా ఒకటే కథ. 1964 డిసెంబరు, తుపాను, రైలు సముద్రంలో కలిసిపోయింది, ఊరు పాడుబడింది. వీడియోలవాళ్లయితే వెనక ఏడుపుగొట్టు సంగీతం పెట్టి, "చీకటి పడితే అరుపులు వినిపిస్తాయట" అని ముగిస్తారు. ఆ స్టేషను 1914 నుంచి 1964 దాకా యాభై ఏళ్లు పనిచేసింది. మామూలు స్టేషన్లు చేయని పని చేసింది. ఆ పనేమిటో చెప్పేవాళ్లు లేరు. అందుకే ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

ముందుగా నా వంతు. మద్రాసు నుంచి సిలోను (ఇప్పటి శ్రీలంక) వెళ్లాలంటే మొదట్లో తూత్తుకుడి దాకా రైల్లో వెళ్లి, అక్కడ ఓడ ఎక్కి నేరుగా కొలంబోలో దిగేవాళ్లు. తూత్తుకుడికి రైలు వచ్చింది 1876లో. సముద్ర ప్రయాణం చాలా దూరం. మన్నారు సింధుశాఖలో అలలు ఎక్కువ, ఓడలో వాంతులు మామూలు. మ్యాపు చూస్తే రామేశ్వరం దీవి కొస సిలోనుకు అంత దగ్గరగా కనిపిస్తుంటే ఇంత చుట్టు తిరగడం దేనికి అని సౌత్ ఇండియన్ రైల్వేకు తోచింది. మదురై నుంచి మండపం దాకా 1902లో పట్టాలు వేశారు. మండపం తర్వాత పాంబన్ కాలువ అడ్డం. దాని మీద రెండు కిలోమీటర్లకు పైగా వంతెన కట్టి 1914 ఫిబ్రవరి 24న తెరిచారు. ఆ ఏడాదే ధనుష్కోటి నుంచి అవతలి తలైమన్నారుకు స్టీమర్లు మొదలయ్యాయి. మధ్యలో సముద్రం దాదాపు 35 కిలోమీటర్లే.

అంటే ధనుష్కోటి ఒక పల్లెటూరి స్టేషనే కాదు, దేశం దాటే గుమ్మం కూడా. మద్రాసు ఎగ్మూరులో కొన్న ఒక్క టికెట్టు మీద రైలు, ఓడ, మళ్లీ రైలు ఎక్కి కొలంబోలో దిగేవాళ్లు. ఆ బండినే జనం బోట్ మెయిల్ అన్నారు. ఇవాళ్టికీ చెన్నై–రామేశ్వరం బండిని ఆ పేరుతోనే పిలుస్తున్నారు, బోటు మాత్రం లేదు.

తెలిసినవాళ్లు కలపండి.

రైలుపిచ్చి
మంచి పని చేశారు. నాకొక సందేహం. తుపానులో కొట్టుకుపోయింది బోట్ మెయిలే అని చాలాచోట్ల రాస్తున్నారు. నిజమేనా?

పాతగార్డు
కాదు. అది 653 నంబరు పాంబన్–ధనుష్కోటి ప్యాసింజరు. ఆరు బోగీల చిన్న బండి. 1964 డిసెంబరు 22 రాత్రి 11.55కి పాంబన్‌లో బయలుదేరింది. టికెట్టు ఉన్న ప్రయాణికులు 110 మంది, రైల్వే సిబ్బంది అయిదుగురు అని లెక్క. టికెట్టు లేనివాళ్లు ఇంకెందరు ఉన్నారో వాళ్లు ఈ లెక్కలోకి రారు. ధనుష్కోటి కొన్ని వందల గజాల దూరంలో ఉందనగా అల కమ్మేసింది. ఒక్కరూ బతకలేదు.

సిగ్నల్ కనబడలేదని, డ్రైవరు కాసేపు ఆగి, పొడుగ్గా కూత వేసి ముందుకు పోనిచ్చాడని చెబుతారు. ఇది చదివి కుర్రాళ్లు "సిగ్నల్ లేకుండా ఎలా వెళ్లాడు, బుద్ధి లేదా" అంటుంటారు. నేను గుంతకల్లు వైపు మీటరుగేజి బండ్లలో గార్డుగా పనిచేసినవాణ్ని కాబట్టి ఒక ముక్క చెబుతాను. అప్పట్లో అలాంటి లైన్లలో ఉన్నవి రెక్క సిగ్నళ్లు. పగలు రెక్క వాలిందా లేదా అని చూస్తాం. రాత్రి రెక్క కనబడదు, దాని పక్కన కిరోసిన్ దీపం, దాని ముందు ఎర్ర అద్దం, పచ్చ అద్దం. సాయంత్రం లాంప్‌మన్ నిచ్చెనెక్కి ఒత్తి కత్తిరించి, నూనె పోసి, అద్దం తుడిచి వెలిగించి దిగేవాడు. తుపాను అక్కర్లేదు, వేసవిలో వచ్చే ఈదురుగాలికే ఆ దీపాలు ఆరిపోయేవి. దీపం ఆరిన సిగ్నల్ దగ్గర బండి ఆపి కూత వేసి, స్టేషనువాళ్లు లాంతరుతో వస్తారని ఎదురుచూడటం మాకు కొత్త కాదు. అలవాటైన ఇబ్బంది. ఆ రాత్రి అక్కడ ఆగి ఉన్నా, ముందుకు పోయినా బతికే దారి లేదు. పట్టాలకు రెండు వైపులా సముద్రమే కదా.

ఒంగోలు_లక్ష్మి
చదువుతుంటే ఒళ్లు జలదరించింది. ఆ తుపాను సమయంలో మన సావిత్రిగారు, జెమినీ గణేశన్ రామేశ్వరంలోనే చిక్కుకున్నారని మా అమ్మ చెప్పేది.

రైలుపిచ్చి
అవును, ఇద్దరూ రామేశ్వరంలో ఉన్నారు. క్షేమంగా బయటపడ్డారు. ఆ తుపాను గురించి ఎక్కడ రాసినా ఈ సంగతి తప్పకుండా వస్తుంది.

నిర్వాహకుడు
దెయ్యాల వీడియోల లింకులు రెండు తీసేశాను. ఈ చర్చలో వాటికి చోటు లేదు. వేరే విభాగం ఉంది, అక్కడ పెట్టుకోండి.

కాకినాడకుర్రాడు
పాంబన్ వంతెన మాట వచ్చింది కాబట్టి మా ఊరి గొప్ప చెప్పకుండా ఉండలేను. ఆ తుపానులో వంతెన గర్డర్లు (ఇనుప దూలాలు) 120కి పైగా సముద్రంలో పడిపోయాయి. ఓడలు వెళ్లడానికి పైకి లేచే నడిమి భాగం మాత్రం నిలబడింది. బాగుచేసే బాధ్యత ముప్పై రెండేళ్ల ఇంజినీరుకు అప్పగించారు. ఆయన జాలర్ల సాయంతో పడిపోయిన గర్డర్లను సముద్రంలో వెతికి పైకి తీయించి, 46 రోజుల్లో వంతెన మళ్లీ నిలబెట్టాడు. ఆయనే ఇ. శ్రీధరన్. తర్వాత కొంకణ్ రైల్వే, ఢిల్లీ మెట్రో. ఆయన ఇంజినీరింగు చదివింది మా కాకినాడ ప్రభుత్వ ఇంజినీరింగు కాలేజీలో. కేరళవాళ్లు ఎంత మావాడన్నా చదువు మాదే.

రైలుపిచ్చి
కాకినాడవాళ్లు ఏ చర్చలోకి వచ్చినా కాజా తర్వాత శ్రీధరన్‌గారిని తెస్తారు :)

మీటరుగేజి
నేను ఎదురుచూస్తున్న విషయం కాకినాడ మిత్రుడే తెచ్చాడు. అదే తుపాను, అదే రైల్వే. వంతెన 46 రోజుల్లో లేచింది. ధనుష్కోటి లైను అరవై ఏళ్లు దాటినా లేవలేదు. ఎందుకు? "సముద్రం మింగేసింది కాబట్టి" అనే జవాబు నాకు నచ్చదు. వంతెననూ సముద్రమే మింగింది.

అప్పటి పట్టాల అమరిక చూస్తే అర్థమవుతుంది. ఇప్పుడు పాంబన్ దాటితే రైలు నేరుగా రామేశ్వరం వెళ్లి ఆగిపోతుంది. అప్పుడు పాంబన్ ఒక జంక్షను. అక్కడి నుంచి ఒక దారి రామేశ్వరం గుడి వైపు, ఇంకొకటి ధనుష్కోటి రేవు వైపు. మెయిలు వెళ్లేది రేవుకే. తుపాను తర్వాత రైల్వే ముందు రెండు ప్రశ్నలున్నాయి. యాత్రికులు ఎక్కడికి వెళ్లాలి? రామేశ్వరానికి. ఓడ ఎక్కడ ఆగాలి? దాన్ని కూడా రామేశ్వరానికే మార్చారు. ఇక ధనుష్కోటి లైనుకు పనేముంది? రామేశ్వరం–తలైమన్నారు ఓడ 1980ల మొదట్లో శ్రీలంకలో యుద్ధం ముదిరేదాకా నడిచింది. అంటే ధనుష్కోటి చేసే పని ఇంకో ఇరవై ఏళ్లు బతికే ఉంది, కాకపోతే పక్క ఊరికి మారింది. స్టేషను చావుకు తుపాను సగం కారణం, ఈ బదిలీ మిగతా సగం. నా వాదన ఇదే, కాదనేవాళ్లు చెప్పండి.

దివిసీమ
నేను సగం కాదంటాను. మాది దివిసీమ. 1977 నవంబరు 19న ఉప్పెనలో మాకు జరిగింది అందరికీ తెలిసిందే. అధికారికంగానే పదివేలమంది పోయారు, అంతకంటే ఎక్కువే అని మావాళ్ల మాట. ఊళ్లకు ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. అయినా జనం తిరిగి వచ్చారు, ఇళ్లు కట్టుకున్నారు. ఎందుకంటే కింద భూమి ఉంది. ఉప్పు పేరుకున్నా రెండు మూడేళ్లకు వరి పండింది. ధనుష్కోటిలో కింద ఏముంది? ఇసుక. రేవు పోతే కస్టమ్స్ గుమస్తాకు, పోర్టర్లకు, హోటలువాడికి అక్కడ చేసే పనే లేదు. మద్రాసు ప్రభుత్వం నివాసానికి పనికిరాదని ప్రకటించింది, సరే. ప్రకటించకపోయినా వాళ్లు వచ్చేవాళ్లు కాదు. తిరిగి వచ్చింది ఎవరో చూడండి: జాలర్లు. వాళ్లకు కావలసింది సముద్రం, అది అక్కడే ఉంది. ప్రభుత్వం వద్దన్నా ఇవాళ్టికీ గుడిసెలు వేసుకుని ఉంటున్నారు.

మీటరుగేజి
మీరు కాదంటూనే నా మాటను ఇంకో మెట్టు ఎక్కించారు. నేను రైల్వే వైపు నుంచి చెప్పింది మీరు ఊరి వైపు నుంచి చెప్పారు. పనే పోయింది, స్టేషను ఎందుకుంటుంది?

సముద్రతీరం
నేల సంగతి ఒకటి కలుపుతాను. తుపానుకు చాలా ముందే, 1948–49 ప్రాంతంలో ధనుష్కోటి దక్షిణ తీరంలో కొంత నేల కుంగిపోయిందని జియలాజికల్ సర్వే అధ్యయనం చెబుతోంది. అంటే 1964 రాత్రి వచ్చిన అల, సుమారు ఏడు మీటర్లంటారు, అప్పటికే తగ్గిన గట్టు మీదికి వచ్చింది. ఇసుక కొస మీద శాశ్వతమైన కట్టడాలు కట్టడమే మొదటి తప్పు అని నా అభిప్రాయం. 1914 ఇంజినీర్లకు తొందరగా సిలోను చేరడం ముఖ్యం, నూరేళ్లు నిలవడం కాదు.

చరిత్రపుట
ఇంతసేపూ మెయిల్లో వెళ్లిన ఫస్టుక్లాసు దొరల గురించే మాట్లాడుతున్నాం. ఆ స్టేషను మీదుగా ఎక్కువగా వెళ్లింది కూలీలు. సిలోను తేయాకు తోటలకు తమిళ జిల్లాల నుంచి లక్షల్లో వెళ్లారు. పాంబన్ వంతెనకు ఇవతల మండపంలో సిలోను ప్రభుత్వం నడిపిన శిబిరం ఉండేది. కలరా, మశూచి అక్కడికి పాకకుండా కూలీలను ముందు ఆ శిబిరంలో ఉంచి, టీకాలు వేసి, బట్టలు మరిగించి, ఆ తర్వాతే రైలెక్కించి ధనుష్కోటి ఓడకు పంపేవాళ్లు. మండపం క్యాంపు అనే స్టేషను పేరు అలా వచ్చిందే. ఒకే ప్లాట్‌ఫారం మీద ఒక వైపు టోపీ పెట్టుకున్న తోట యజమాని, ఇంకో వైపు మెడలో తోట నంబరు బిళ్ల కట్టుకున్న కూలీ. ఈ బొమ్మ ఎక్కడా కనబడదు.

ఇంకొకటి గమనించారా? 1964 అక్టోబరు 30న మన ప్రధాని శాస్త్రి, సిలోను ప్రధాని సిరిమావో ఒప్పందం మీద సంతకాలు చేశారు. అక్కడ ఉన్న భారతీయ మూలాలవాళ్లలో అయిదు లక్షల పాతికవేలమందిని భారత్ వెనక్కి తీసుకోవాలని. రెండు నెలలు కూడా తిరగకముందే ధనుష్కోటి పోయింది. తాతలు ఏ రేవులో ఓడ ఎక్కారో మనుమలు తిరిగివచ్చేసరికి ఆ రేవే లేదు. వాళ్లంతా రామేశ్వరంలో దిగి, మళ్లీ మండపం శిబిరానికే వెళ్లారు. వాళ్లలో కొద్దిమందికి మన ఆంధ్రప్రదేశ్‌లోనూ పునరావాసం కల్పించారు. ఆ శిబిరంలో 1980ల నుంచి శ్రీలంక శరణార్థులు ఉంటున్నారు. స్టేషను పోయినా శిబిరం మాత్రం ఖాళీ కాలేదు.

పాతగార్డు
చాలా మంచి పోస్టు. ఇది చదివాక నాకు ఆ లైను కొత్తగా కనబడుతోంది.

రైలుపిచ్చి
ఓడలోకి రైలు పెట్టెలు ఎక్కించేవాళ్లు కాదా? కొన్ని దేశాల్లో పట్టాలున్న ఓడలు ఉండేవి కదా, బోగీలను అలాగే తోసేవాళ్లు.

మీటరుగేజి
ఇక్కడ కుదరదు. మన వైపు మీటరుగేజి (మీటరు వెడల్పు పట్టాలు), సిలోను రైల్వే అయిదున్నర అడుగుల బ్రాడ్‌గేజి. మన పెట్టె అవతల పట్టాల మీద నిలబడదు. కాబట్టి మనుషులు దిగాలి, సామాను దించాలి, సరుకు మూట మూటగా మోయాలి. ధనుష్కోటిలో అన్ని కొలువులు ఉండటానికి కారణం ఇదే. కస్టమ్స్, వలస తనిఖీ, రేవు ఆఫీసు, పోస్టాఫీసు, రైల్వే ఆసుపత్రి, బడి, సత్రాలు. ఒక బండి నుంచి ఇంకో బండికి మారే ఆ కాస్త సమయం మీద ఒక ఊరు ఊరంతా బతికింది. ఆడమ్స్ బ్రిడ్జి (రామసేతు) దిబ్బల మీదుగా నేరుగా పట్టాలే వేసేద్దామన్న ప్రతిపాదన కూడా అప్పట్లో వచ్చింది. అదే జరిగి ఉంటే ధనుష్కోటి బండి ఆగని చిన్న స్టేషనుగా మిగిలేదేమో.

ఇర్విన్, గోషెన్ అని రెండు స్టీమర్లు ఈ దారిలో తిరిగేవి. వైస్రాయి పేరొకటి, మద్రాసు గవర్నరు పేరొకటి. పాత ఫొటోల్లో రైలు పక్కనే పొగగొట్టం ఉన్న ఓడ కనిపిస్తే అది ఈ రెండింటిలో ఒకటి అయ్యే అవకాశం ఎక్కువ.

కొలంబో_నుంచి
నేను ఉద్యోగరీత్యా శ్రీలంకలో ఉంటున్న నెల్లూరువాణ్ని. అవతలి గట్టు సంగతి ఎవరూ అడగలేదు కాబట్టి నేనే చెబుతాను. ధనుష్కోటికి జంట స్టేషను తలైమన్నారు పియర్. దాని కథ ఇంకోలా నడిచింది. యుద్ధంలో మన్నారు లైను నాశనమైంది. పట్టాలు, వంతెనలు, స్టేషన్లు ఏవీ మిగల్లేదు. యుద్ధం ముగిశాక భారత్ ఇచ్చిన అప్పుతో, మన రైల్వే నిర్మాణ సంస్థ ఇర్కానే ఆ లైను తిరిగి వేసింది. 2015 మార్చి 14న మన ప్రధాని తలైమన్నారు వచ్చి మొదటి బండికి పచ్చజెండా ఊపారు. అంటే మన డబ్బుతో, మన ఇంజినీర్లతో అవతలి స్టేషను బతికింది. ఇవతలిది శిథిలం.

నేను కొలంబో నుంచి ఆ బండిలో వెళ్లాను. చివరి స్టేషనులో దిగేసరికి పెట్టెలో పట్టుమని పదిమంది లేరు. ప్లాట్‌ఫారం కొత్తది, శుభ్రంగా ఉంది. నాలుగడుగులు వేస్తే పాత రేవు. ఇనుప స్తంభాలు పొరలు పొరలుగా తుప్పు ఊడుతున్నాయి, పై చెక్కలు లేవు, ఒక్కో స్తంభం మీద ఒక్కో పక్షి. పక్కన తెల్లటి దీపస్తంభం. ఫోను తీస్తే భారతదేశపు సిగ్నల్ దొరికింది, "స్వాగతం" అని సందేశం కూడా వచ్చింది.

కాకినాడకుర్రాడు
అబ్బ, చివరి మాట బాగుంది. ఓడ లేకపోయినా టవరు పనిచేస్తోందన్నమాట.

ఒంగోలు_లక్ష్మి
మేము పోయిన ఏడాది వెళ్లొచ్చాం, ఇప్పుడు అక్కడ ఏముందో చెబుతాను. కాశీ–రామేశ్వరం యాత్ర చేసేవాళ్లకు ధనుష్కోటి తప్పదు. సేతువు దగ్గర ఇసుక తీసుకుని కాశీలో గంగలో కలపాలి, గంగనీళ్లు తెచ్చి రామేశ్వరంలో అభిషేకం చేయించాలి. మా అత్తగారి కోరిక అది. గోడలు చూద్దామని కాదు, ఇసుక కోసం వెళ్లాం.

2017 దాకా అక్కడికి సరైన దారే లేదట. ఇసుకలో, నీళ్లలో పడి జీపుల్లో, వ్యాన్లలో వెళ్లేవాళ్లు. ఇప్పుడు అరిచల్‌మునై కొస దాకా నున్నటి తారురోడ్డు. కుడివైపు సముద్రం, ఎడమవైపు సముద్రం. ఒకవైపు నీళ్లు ఎగిసిపడుతుంటాయి, ఇంకోవైపు కదలనే కదలవు. రోడ్డు పక్కనే పాత ఊరు. చర్చి గోడలు, పోస్టాఫీసు, స్టేషను అని బోర్డు పెట్టిన రెండు మూడు గోడలు. దగ్గరికి వెళ్లి చేయి పెట్టి చూశాను. ఇటుక కాదు, పగడపు రాయి. బెజ్జాలు బెజ్జాలుగా ఉంటుంది, కొన్నిచోట్ల లోపల చిన్న గవ్వ అలాగే ఇరుక్కుని ఉంది. సున్నం రాలిపోయి రాయి మిగిలింది. ఆ గోడ నీడలో ఒకావిడ ముత్యాలదండలు, శంఖాలు అమ్ముతోంది. బేరమాడితే సగానికి ఇచ్చింది, అసలు ముత్యాలు కావని మా ఆయన తర్వాత తేల్చారు.

ఇంకో వింత, అంత ఉప్పు సముద్రం మధ్యలో మంచినీళ్లు దొరుకుతాయి. జాలరి ఆడవాళ్లు ఇసుకలో మోకాలిలోతు గొయ్యి తీసి, ఊరిన నీటిని చిప్పతో బిందెలోకి తోడుకుంటున్నారు. మా అత్తగారు నోట్లో పోసుకుని "కొబ్బరినీళ్లలా ఉన్నాయి" అన్నారు.

పాతగార్డు
అమ్మా, ఆ నీళ్ల విషయం రైల్వేవాళ్లకు కూడా ముఖ్యమే. ఆవిరి ఇంజనుకు బొగ్గు కంటే ముందు కావలసింది నీళ్లు, అవి కూడా మంచినీళ్లు. ఉప్పునీళ్లు పోస్తే బాయిలరు గొట్టాల్లో పెచ్చు కడుతుంది. సముద్రం ఒడ్డు స్టేషన్లలో పనిచేసినవాళ్లు ఇంజనుకు నీళ్లు పట్టడం గురించే ఎక్కువ చెబుతారు, అలల గురించి కాదు. అక్కడ నీళ్ల ట్యాంకు తాలూకు శిథిలం కూడా ఉంది, మీరు చూసే ఉంటారు.

ఒంగోలు_లక్ష్మి
ఉంది. నేను దాన్ని ఎవరిదో ఇల్లనుకుని ఫొటో తీశాను.

అడగాల్సింది ఇంకొకటి. అక్కడికి మళ్లీ రైలు వేస్తారని విన్నాం. వస్తే మాలాంటివాళ్లకు, పెద్దవాళ్లను తీసుకెళ్లేవాళ్లకు సుఖం కదా. ఆ ఆటోల బాధ తప్పుతుంది.

రైలుపిచ్చి
2019 మార్చిలో ప్రధాని శంకుస్థాపన చేశారు. రామేశ్వరం నుంచి ధనుష్కోటికి 17 కిలోమీటర్ల పైచిలుకు, ఖర్చు 200 కోట్లకు పైన. పాతలా పాంబన్ నుంచి కాదు, రామేశ్వరం నుంచి. ఆ తర్వాత పని జరగలేదు. అది అలా ఉండగానే కొత్త పాంబన్ వంతెన పూర్తయి 2025 ఏప్రిల్ 6న, శ్రీరామనవమి రోజున తెరిచారు. నడిమి భాగం మొత్తం లిఫ్టులా నిటారుగా పైకి లేస్తుంది. పాత వంతెన మీద 2022 డిసెంబరులో బండ్లు ఆపేశారు కాబట్టి మధ్యలో రెండేళ్లకు పైగా దీవికి రైలే లేదు. నా మట్టుకు నేను వంతెన మీద ఇంత పెట్టినవాళ్లు ఇంకో 17 కిలోమీటర్లు వేయలేరా అంటాను.

సముద్రతీరం
వేయగలరు. వేయకూడదు. ఆ కొస మీద తాబేళ్లు గుడ్లు పెడతాయి. చలికాలంలో ఫ్లెమింగోలు దిగుతాయి, మన పులికాట్‌కు వచ్చేవే. 2025లో తమిళనాడు ప్రభుత్వం ఆ ప్రాంతాన్ని ఫ్లెమింగో అభయారణ్యంగా ప్రకటించింది కూడా. పక్కనే మన్నారు సింధుశాఖ సముద్ర జాతీయ ఉద్యానం. రోడ్డు వేసినందుకే ప్లాస్టిక్ ఎంత పేరుకుందో లక్ష్మిగారు చూసే ఉంటారు. రైలు వేయాలంటే గట్టు ఎత్తు చేయాలి, రాళ్లు పోయాలి. ఇసుక కదిలే చోట గట్టు కడితే ఒకవైపు మేట వేస్తుంది, ఇంకోవైపు కోసేస్తుంది. తుపాను ఒకసారి చెప్పి వెళ్లింది, ఇంకోసారి చెప్పించుకోవడం దేనికి?

రైలుపిచ్చి
రోడ్డు మీద రోజుకు వందల వ్యాన్లు పొగ వదులుతూ తిరగడం కంటే నాలుగు రైళ్లు మేలు కాదా? ఆ లెక్క కూడా వేయండి.

సముద్రతీరం
రైలు వస్తే వ్యాన్లు ఆగుతాయని ఎవరన్నారు? రెండూ తిరుగుతాయి.

కాకినాడకుర్రాడు
పీకేసిన లైను మళ్లీ రావడం అసాధ్యమేమీ కాదు. మా కాకినాడ–కోటిపల్లి చూడండి. 1928లో వేశారు. రెండో ప్రపంచ యుద్ధం వచ్చాక ఇనుము కావాలని 1940లో పట్టాలు పీకేసి పట్టుకుపోయారు. అరవై ఏళ్లకు పైగా లైను లేదు. బాలయోగిగారు లోక్‌సభ స్పీకరుగా ఉండగా పట్టుబట్టి పని మొదలుపెట్టించారు, 2004లో మళ్లీ బండి నడిచింది. ఆయన మాత్రం చూడలేదు, 2002లోనే హెలికాప్టరు ప్రమాదంలో పోయారు.

దివిసీమ
బండి నడిచింది సరే, ఎక్కినవాళ్లెంతమంది? రైలుబస్సు అని ఒక్క పెట్టె తిప్పారు, బస్సు కంటే నిదానం. మీరు చెప్పిన ఉదాహరణ మీటరుగేజిగారి వాదనకే పనికొస్తుంది. పట్టాలు వేయగలం, దానికి పని కల్పించాలి కదా. కోటిపల్లి లైను నరసాపురం దాకా వెళితేనే దానికి అర్థం. ధనుష్కోటి లైను తలైమన్నారు దాకా ఓడ ఉంటేనే.

కాకినాడకుర్రాడు
కోనసీమ రైలు మీద చేయి వేయకండి, వేరే చర్చ తెరుస్తాను. అక్కడ తేల్చుకుందాం.

కొలంబో_నుంచి
ఓడ విషయం. 2023 అక్టోబరులో నాగపట్నం నుంచి శ్రీలంకలోని కాంకేసంతురైకి ప్రయాణికుల ఓడ మొదలైంది. అంటే రెండు దేశాల మధ్య ఓడ తిరిగి వచ్చింది కానీ వేరే రేవుల మధ్య. రామేశ్వరం–తలైమన్నారు మాట అప్పుడప్పుడు రెండు ప్రభుత్వాల ప్రకటనల్లో వినిపిస్తూనే ఉంది. అది వచ్చినా ఓడ ఆగేది రామేశ్వరంలోనే. ధనుష్కోటికి మాత్రం ఏదీ రాదు.

మీటరుగేజి
నేను కూడా రైలు వేయాలనేవాణ్ని కాదు. యాత్రికుల కోసమైతే లక్ష్మిగారు చెప్పినట్టు ఆటోల బాధ తీరే బస్సులు ఇంకొన్ని వేస్తే చాలు. నాకు కావలసింది ఉన్న నాలుగు గోడలకు ఆసరా కట్టించడం, వాటి పక్కన ఒక మంచి బోర్డు. ఇప్పుడున్న బోర్డులు తుపాను ముక్కే చెబుతాయి. పట్టాలు ఎటు వెళ్లేవి, ఓడ ఎక్కడ ఆగేది, కూలీల వరస ఎక్కడ నిలబడేది, కస్టమ్స్ బల్ల ఎక్కడ ఉండేది, ఇవన్నీ ఒక పటంలో చూపిస్తే ఆ చోట నిలబడ్డ మనిషికి అది స్టేషనులా కనిపిస్తుంది. పోయినవాళ్లకు స్మారకం ఉంది, ఉండాలి. పనిచేసినవాళ్లకు లేదు.

చరిత్రపుట
బోర్డు మీద కూలీల మాట వేస్తారంటే నేను చందా ఇస్తాను.

ఒంగోలు_లక్ష్మి
అక్కడ సాయంత్రం చీకటి పడకముందే పోలీసులు అందరినీ వెనక్కి పంపేస్తారు. వెళ్లేవాళ్లు పొద్దున్నే బయలుదేరండి, ఎండ కూడా తగలదు. గొడుగు పనికిరాదు, గాలికి తిరగబడుతుంది. టోపీ పెట్టుకోండి.

రైలుపిచ్చి
పాతగార్డుగారూ, 1960ల సదరన్ రైల్వే టైంటేబులు ఎవరి దగ్గరైనా ఉంటుందా? బోట్ మెయిలు ధనుష్కోటి చేరే సమయం, ఓడ బయలుదేరే సమయం పక్కపక్కన అచ్చువేసిన పేజీ ఒకటి చూడాలని ఉంది.

పాతగార్డు
నా దగ్గర ఉన్నవి 1970ల తర్వాతవి, వాటిలో ధనుష్కోటి ఉండదు. మదురైలో నాతో శిక్షణ పొందిన ఒకాయన పాత టైంటేబుళ్లు దాచుకునేవాడు. ఆదివారం ఫోను చేసి అడుగుతాను. ఉంటే స్కాను చేయించి ఇక్కడే పెడతాను. అప్పటిదాకా నిర్వాహకుడుగారు ఈ చర్చకు తాళం వేయకుండా ఉంచితే బాగుంటుంది.

నిర్వాహకుడు
ఉంచుతాను. కోనసీమ రైలు గొడవ మాత్రం ఇక్కడ వద్దు.